బండి కేక నుంచి బజరు దాకా: నంద్యాల, ఆళ్లగడ్డ శ్రమస్థలాల్లో హెచ్చరిక చరిత్ర

వ్యాససంగ్రహం

బరువును కదిలించే ప్రతి సాధనంతో పాటు దాని రాకను తెలిపే సంకేతం కూడా పుడుతుంది. ఎద్దుల బండికి గంటలు, రైలుకు కూత, లారీకి క్లీనరు కేక, ఫోర్క్‌లిఫ్ట్‌కు బజరు, దీపం అలాంటివే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల శ్రమస్థలాలను ఆధారంగా చేసుకొని ఈ సంకేతాల పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత పద్ధతుల్లో హెచ్చరిక ఫలానా మనిషిని ఉద్దేశించేది. రైలు మార్గం, కార్ఖానాల చట్టం హెచ్చరిక కంటే దూరాన్ని, అడ్డుగోడను నమ్ముకున్నాయి. ఫోర్క్‌లిఫ్ట్ రాకతో ఈ రెండూ బలహీనపడి, ఎవరినీ ఉద్దేశించని ధ్వని మిగిలింది. కాబట్టి బజరు, దీపాల ఎంపిక యంత్రాన్ని బట్టి కాక, వినేవారిని, చూసేవారిని బట్టి జరగాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హెచ్చరిక, పరాకు, హమాలీ, ఫోర్క్‌లిఫ్ట్, రివర్స్ బజరు, కార్ఖానాల చట్టం, నంద్యాల, ఆళ్లగడ్డ.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన నంద్యాల చాలాకాలంగా బరువులు కదిలే ఊరు. కర్నూలు–కడప కాలువ కింద పండే వరి, నల్లరేగడి మీద పండే పత్తి, చుట్టుపక్కల సున్నపురాతిని ఆధారం చేసుకున్న సిమెంటు ఈ ఊరి చుట్టూ కదులుతుంటాయి. 1906లో ఇక్కడ నెలకొన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం 'నరసింహ' వంటి పత్తి రకాన్ని అందించింది. జాతీయ రహదారి మీద కడప వైపు సాగితే వచ్చే ఆళ్లగడ్డకు రాతి శిల్పాలు పేరు తెచ్చాయి. ఒక ఊళ్లో బస్తా, బేలు. మరో ఊళ్లో బండరాయి, విగ్రహం. రెండుచోట్లా మనిషి నడిచే నేల మీదే బరువూ నడుస్తుంది.

ఆ నేల మీద ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి? బరువు వస్తున్నదని ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? యంత్రాల చరిత్రలోనూ, కార్మికోద్యమ చరిత్రలోనూ ఈ ప్రశ్న పక్కనే ఉండిపోయింది. ఫోర్క్‌లిఫ్ట్‌కు ఏ బజరు పెట్టాలి, ఏ రంగు దీపం పెట్టాలి అన్నది చూడడానికి కొనుగోలు విభాగం తేల్చవలసిన చిన్న విషయం. దాని వెనుక మాత్రం శ్రమస్థలంలో మనిషికి, యంత్రానికి మధ్య బాధ్యత ఎలా పంపిణీ అయిందన్న పెద్ద చరిత్ర ఉంది.

2. హెచ్చరిక, పరాకు: మాటల సాక్ష్యం

తెలుగు 'హెచ్చరిక'కు కన్నడంలో 'ఎచ్చరికె', తమిళంలో 'ఎచ్చరిక్కై' జ్ఞాతులు. కన్నడంలో 'ఎచ్చర' అంటే మెలకువ. అంటే ఈ మాట మూలార్థంలో భయపెట్టడం లేదు, మేల్కొలపడం ఉంది. రాజసభల్లో, దేవాలయ ఉత్సవాల్లో ప్రభువు రాకను తెలిపే పలుకుగా ఇది నిలిచింది. సంగీత సంప్రదాయంలో 'హెచ్చరిక' పేరుతో ఒక రచనా విభాగమే ఏర్పడింది. ఆ పాటలో హెచ్చరించేది ఎదుటివారిని మాత్రమే కాదు, నడిచి వచ్చే స్వామిని కూడా. జాగ్రత్తగా అడుగు వేయమని కోరడం అందులోని భావం.

'పరాకు' మరింత ఆసక్తికరమైన మాట. వాడుకలో పరాకు అంటే ఏమరుపాటు. వందిమాగధుల నోట 'బహుపరాకు' అంటే ఏమరవద్దన్న పిలుపు. రోగానికీ మందుకూ ఒకే పేరు ఉండడం వంటిది ఇది. కేక పదేపదే వినబడితే అదే పరాకుకు కారణమవుతుందన్న ఆధునిక భద్రతాశాస్త్ర గ్రహింపును ఈ మాట తనలోనే దాచుకున్నట్లుంది.

3. బరువు కంటే ముందు నడిచిన ధ్వని

సంక్రాంతి వేళ మొదలై ఆళ్లగడ్డ పరిసర గ్రామాల గుండా వారాల తరబడి సాగే అహోబిల నరసింహస్వామి పారువేటలో పల్లకి మనుషుల భుజాల మీద కదులుతుంది. ఏ ఊరేగింపులోనైనా వాద్యం ముందు, వాహనం వెనుక. బోయీల చూపు అడుగు మీద ఉంటుంది కనుక దారి తప్పించే పని వాద్యానిది. బరువు మోసేవారికి చుట్టూ చూసే వీలు తక్కువ, కాబట్టి వారి రాక ముందుగా వినబడాలి అన్న సూత్రం ఇందులో ఉంది.

ఎద్దుల బండి కూడా ఇదే సూత్రాన్ని పాటించింది. మెడలోని గంటలు అలంకారమే అయినా, మలుపు అవతలి వారికి అవే సమాచారం. నడక వేగాన్ని బట్టి గంట లయ మారేది కనుక బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తున్నదో చెవి పోల్చుకునేది. రాత్రివేళ ఇరుసు కింద వేలాడే లాంతరు దారి చూపడంతో పాటు బండి ఉనికినీ చాటేది. గంటకూ లాంతరుకూ ఉన్న ఈ పని విభజన గమనించదగినది: మలుపు దాటి వినిపించేది ధ్వని, చీకటిలో చోటు చూపేది వెలుగు.

మార్కెట్ యార్డులో, రైస్ మిల్లులో వీపు మీద బస్తాతో నడిచే హమాలీకి గంట లేదు, గొంతే ఉంది. 'జరుగప్పా', 'జరుగమ్మా', 'బండి వస్తాంది' వంటి పిలుపులు రాయలసీమ మాటతీరులో సహజం. ఈ చిన్న వాక్యాల్లో మూడు విషయాలు ఇమిడి ఉన్నాయి: ఎవరిని పిలుస్తున్నదీ చెప్పే అప్ప, అమ్మ, అన్న వంటి వరుస, వస్తున్నది ఏమిటన్నది, చేయవలసింది ఏమిటన్నది. విన్నవాడు తలతిప్పి చూస్తాడు, లేదా 'ఆ' అంటాడు. ఆ జవాబు అందకపోతే హమాలీ అడుగు నెమ్మదిస్తుంది. అంటే కేక ఒకవైపు సాగే సంకేతం కాదు, సంభాషణ. దానికి పరిమితులు లేకపోలేదు. అలసిన గొంతు చాలదు. మిల్లు రొదలో మాట మునిగిపోతుంది. అయినా హెచ్చరిక అందిందో లేదో తెలుసుకునే ఏర్పాటు అందులోనే ఉంది.

లారీల కాలంలో ఈ బాధ్యత క్లీనరుకు వచ్చింది. వెనక్కి వచ్చే లారీ పక్కన నిలబడి బాడీ మీద అరచేత్తో చరుస్తూ 'రానీ, రానీ, హోల్డాన్' అనే క్లీనరు డ్రైవరుకు చూపును, నడిచేవారికి గొంతును అందించాడు. క్లీనరు లేకుండా నడిచే లారీలు పెరిగేకొద్దీ ఆ స్థానంలోకి రివర్స్ హారన్ వచ్చింది. ఒక దశలో కార్ల రివర్స్ హారన్లు భక్తిగీతాల, సినిమా పాటల బాణీలు వినిపించాయి. చెవికి ఇంపైన బాణీ ప్రమాదాన్ని సూచించదు. వినోదమైన హెచ్చరిక తన పని మానేసినట్లే.

4. రైలు: చోటు నిర్ణయించుకున్న హెచ్చరిక

1880 దశకంలో గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి కృష్ణా తీరం వైపు సాగిన మీటరు గేజి మార్గం ఈ ప్రాంతానికి కొత్త రకం బరువును తెచ్చింది. ఎద్దును ఆపినట్లు రైలును ఆపలేరు. అందుచేత రైల్వే వ్యవస్థ మూడు పద్ధతులు పాటించింది. మొదటిది, బరువు దారిని పట్టాలతో నిర్ణయించడం. రెండోది, మనుషులు ఆ దారిని దాటే చోట గేటు పెట్టడం. మూడోది, కూత వేయవలసిన స్థలాన్ని ముందే గుర్తించడం. లెవెల్ క్రాసింగుకు ముందు పట్టాల పక్కన కనిపించే కూత బోర్డు డ్రైవరుకు ఇచ్చిన ఆదేశం. రైలు దారిపొడవునా కూయదు, అవసరమైన చోట కూస్తుంది. ఆ కూతకు విలువ దాని అరుదుదనం వల్ల వచ్చింది.

దీపాల విషయంలోనూ రైల్వే చరిత్ర ఒక పాఠం నేర్పింది. 19వ శతాబ్దపు బ్రిటిష్ రైలు మార్గాల్లో తెల్ల దీపం దారి సురక్షితమని, పచ్చ దీపం నెమ్మదిగా రమ్మని చెప్పేవి. ఊళ్లలో మామూలు తెల్ల దీపాలు పెరిగాక ఏది సిగ్నలో ఏది వీధిదీపమో తెలియని స్థితి వచ్చింది. ఎర్ర అద్దం పగిలితే ప్రమాద సంకేతమే సురక్షిత సంకేతంగా కనిపించేది. చివరికి తెలుపును వదలి పచ్చకు 'దారి సురక్షితం' అన్న అర్థం ఇచ్చారు. చుట్టూ ఉన్న వెలుగుల్లో కలిసిపోయే రంగు హెచ్చరికకు పనికిరాదన్నది ఆ అనుభవ సారం.

5. జిన్నింగ్ మిల్లు, కార్ఖానాల చట్టం: గోడ, దూరం

భారతదేశంలో తొలి కార్ఖానాల చట్టం 1881లో వచ్చింది. కనీసం 100 మంది పనిచేసే చోట్లకే వర్తించిన ఆ చట్టానికి చిన్న పత్తి మిల్లులు అందలేదు. 1934 చట్టం పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ కార్ఖానాలను రుతువును బట్టి నడిచేవిగా ప్రత్యేకించింది. 1948 చట్టం ఆ భేదాన్ని తొలగించింది. నంద్యాల వంటి పత్తి కేంద్రాలకు ఈ మార్పు ముఖ్యమైనది. ఏడాదిలో కొన్ని నెలలే నడిచే మిల్లులోని కూలీకి కూడా అదే రక్షణ వర్తించింది.

1948 చట్టం ప్రమాదాన్ని ఎలా ఊహించిందో రెండు సెక్షన్లు స్పష్టంగా చెబుతాయి. సెక్షన్ 27 ప్రకారం పత్తిని ప్రెస్ చేసే కార్ఖానాలో కాటన్ ఓపెనర్ నడుస్తున్న భాగంలో స్త్రీలను, పిల్లలను పనికి పెట్టకూడదన్న నిషేధం ఉండేది. యంత్రపు రెండు చివరల మధ్య కప్పు దాకా అడ్డుగోడ ఉంటే, పత్తిని అందించే వైపున మాత్రం వారిని నియమించే వీలుండేది. సెక్షన్ 29 ప్రకారం పట్టాల మీద కదిలే క్రేను తగిలే అవకాశమున్న చోట మనిషి పనిచేస్తుంటే, ఆ క్రేను అతనికి 20 అడుగుల లోపలికి రాకుండా చర్యలు తీసుకోవలసి ఉండేది. 1976 సవరణలో అది 6 మీటర్లుగా మారింది.

ఈ రెండింటిలోనూ 'గంట కొట్టండి' అన్న పరిష్కారం లేదు. ఒకటి గోడ అడుగుతుంది, మరొకటి దూరం అడుగుతుంది. కార్మికుడు విన్నాడా, చూశాడా, తప్పుకున్నాడా అన్న దానిపై అతని ప్రాణం ఆధారపడకూడదన్నది ఈ నిబంధనల వెనుక ఉన్న తర్కం. జాగ్రత్తపడవలసిన భారాన్ని చట్టం ప్రధానంగా యంత్రం నడిపే యాజమాన్యం మీద పెట్టింది.

6. ఫోర్క్‌లిఫ్ట్: పట్టాలు లేని బరువు

అమెరికాలోని క్లార్క్ సంస్థ 1917లో తన కార్ఖానాలో సరుకు తరలించడానికి 'ట్రక్‌ట్రాక్టర్'ను తయారుచేసింది. తర్వాతి దశాబ్దంలో బరువును పైకెత్తే స్తంభం, ఫోర్కులు కుదురుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు సరఫరాలతో చెక్క ప్యాలెట్, ఫోర్క్‌లిఫ్ట్ జంట ప్రపంచమంతటా స్థిరపడింది.

ఈ యంత్రం సెక్షన్ 29లోని క్రేను వంటిది కాదు. దీనికి పట్టాలు లేవు. వెనుక చక్రాలు తిరిగి దిశ మారుతుంది కనుక మలుపులో వెనుక భాగం బయటికి విసురుగా వస్తుంది. ఎత్తైన బరువు ముందు చూపును కప్పేస్తే డ్రైవరు వెనక్కి నడపవలసి వస్తుంది. మనిషి నడిచే చోటికల్లా అది రాగలదు. '6 మీటర్ల దూరం' అన్న పాత రక్షణను ఇరుకు గిడ్డంగిలో పాటించడం కష్టమైనప్పుడు, ఆ ఖాళీని పూరించడానికి వచ్చింది బజరు.

వెనక్కి వచ్చే వాహనానికి బజరును జపాన్‌కు చెందిన యమగుచి ఎలక్ట్రిక్ సంస్థ 1963లో తయారుచేసింది. 1970 దశకంలో అమెరికా నిర్మాణరంగ నియమాలు, వెనుక చూపు సరిగా లేని వాహనానికి పరిసరాల రొదను మించి వినిపించే బజరైనా ఉండాలి, లేదా సురక్షితమని సంకేతమిచ్చే మనిషైనా ఉండాలి అన్నాయి. ఆ రెండో వికల్పం మన లారీ క్లీనరే. చట్టం ఒకే వాక్యంలో సమానం చేసిన ఈ రెండింటిలో బజరు చౌక కనుక అదే నిలిచింది.

భారతదేశంలో నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నియమాలు మట్టి తవ్వే యంత్రాలకు, వాహనాలకు రివర్స్ అలారం, ముందుకూ వెనక్కూ వెలుగునిచ్చే దీపం ఉండాలన్నాయి. కేంద్ర మోటారు వాహన నియమాల్లోని నిర్మాణ యంత్రవాహన నిర్వచనంలో ఫోర్క్‌లిఫ్ట్ పేరు కూడా చేరింది. 1948 చట్టంతో సహా 13 చట్టాలను కలిపిన 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టాల పేర్లు మారినా గిడ్డంగి నేల మీది ప్రశ్న మారలేదు.

7. వినేవారెవరు, చూసేవారెవరు?

సాధారణ రివర్స్ బజరు ఒకే స్వరంలో, సుమారు 1000 హెర్ట్జ్ పరిసరాల్లో మోగుతుంది. ఒకే స్వరం ఏ దిక్కు నుంచి వస్తున్నదో పోల్చుకోవడం మనిషి చెవికి కష్టం. రేకుల కప్పు, సిమెంటు గోడలు ఉన్న గిడ్డంగిలో ఆ ధ్వని ప్రతిధ్వనించి అన్ని వైపుల నుంచీ వస్తున్నట్లు అనిపిస్తుంది. రెండు బండ్లు ఒకేసారి మోగితే ఏది తన వెనుక ఉన్నదో కూలీకి తెలియదు. అనేక పౌనఃపున్యాలు కలిసిన 'బుస్సు' మనే బజరు దిక్కును బాగా తెలుపుతుంది, బండి వెనుక ప్రాంతంలో స్పష్టంగా వినిపించి దూరంలో త్వరగా తగ్గిపోతుంది. ఎద్దు మెడలోని గంటల గుత్తి ఒకే స్వరం కాకపోవడం ఇక్కడ గుర్తుకు వస్తుంది.

ప్రమాద ధ్వనులపై ఐఎస్ఓ 7731 ప్రమాణం, హెచ్చరిక ధ్వని పరిసరాల రొద కంటే కనీసం 15 డెసిబెళ్లు ఎక్కువగా ఉండడాన్ని కొలబద్దగా తీసుకుంటుంది. కార్ఖానా నియమాల్లో 8 గంటల పనికి శబ్దపరిమితి 90 డెసిబెళ్లు. ఆ పరిమితి దగ్గర నడిచే మిల్లులో బజరు 105 డెసిబెళ్లు మోగాలి. అప్పుడు రక్షించడానికి వచ్చిన ధ్వనే చెవికి హాని చేసే రొదలో భాగమవుతుంది. రొద వల్ల కలిగే వినికిడి లోపం 1948 చట్టపు మూడో షెడ్యూలులో ప్రకటించవలసిన వృత్తివ్యాధిగా ఉండేది. అది సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అందుకే వినికిడి తగ్గినవారు, చెవి రక్షణలు ధరించినవారు ఉన్నచోట ధ్వనిలో 1500 హెర్ట్జ్‌కు దిగువన తగినంత బలం ఉండాలని ఆ ప్రమాణం చెబుతుంది. కీచుమనే బజరు కొత్త కూలీకి వినిపించి, ఏళ్ల తరబడి మిల్లులో పనిచేసిన కూలీకి వినిపించకపోవచ్చు.

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. ఉలి, సుత్తి పని ఉన్నచోట గ్రైండరు చేరాక శిల్పి చెవి యంత్రపు రొదలో, చూపు రాతి మీది గీతలో మునిగి ఉంటుంది. చెవిని కాపాడుకోవడానికి ఇయర్‌ప్లగ్ పెట్టుకోవడం మంచి అలవాటు. ఆ అలవాటు ఉన్నచోట ధ్వని ఒక్కదాన్నే నమ్ముకోరాదు. వంగి పనిచేసేవారికి కప్పు కింద తిరిగే దీపం కన్నా వారి ముందున్న నేల మీద పడే వెలుగు త్వరగా కనిపిస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ నేల మీద కొన్ని మీటర్ల ముందుగా వేసే నీలి చుక్క దీపం ఉద్దేశం ఇదే: బండి కంటే ముందు దాని గుర్తు మలుపు తిరుగుతుంది. అయితే నీడ ఉన్న గిడ్డంగిలో పనిచేసే ఆ చుక్క, ఆరుబయట సీమ ఎండలో వెలవెలబోతుంది. రాతిపొడి, పత్తినూగు, ఊకదుమ్ము పేరుకున్న దీపం ఉన్నా లేనట్లే. ఎత్తైన బస్తాల దొంతరల మధ్య మాత్రం పసుపు తిరుగుడు దీపం కప్పు మీద ప్రతిఫలించి అవతలి వరుసకు బండి ఉనికి తెలుపుతుంది. ఏ దీపమూ అన్నిచోట్లా మంచిది కాదు, అన్నిచోట్లా చెడ్డదీ కాదు.

భాష మరో అంశం. 1948 చట్టం సెక్షన్ 108 ప్రకారం కార్ఖానా నోటీసులు ఇంగ్లీషులోనూ, మెజారిటీ కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండవలసి వచ్చేది. ఆ మెజారిటీకి బయట ఉన్న వలస కూలీకి నోటీసు ఎంత మూగదో, 'జరుగప్పా' అన్న కేక కూడా అంత మూగదే. భాష అవసరం లేకపోవడం బజరుకు ఉన్న నిజమైన మేలు. కానీ దాని అర్థాన్ని ఎవరో ఒకరు ఆ కూలీ భాషలో ఒక్కసారైనా చెప్పాలి. భద్రతా సమాచారం, శిక్షణ పొందే హక్కును కార్మికులకు ఇచ్చిన 1987 నాటి సెక్షన్ 111ఎ ఇక్కడ ప్రాణాధారంగా ఉండేది.

హెచ్చరిక పరికరం ఉండడం, హెచ్చరిక ఉండడం ఒకటి కాదని ఆంధ్రప్రదేశ్ 2020 మే 7న చూసింది. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. కార్ఖానాలో 36 చోట్ల నుంచి మోగించగల సైరన్ ఉండి కూడా మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి సంఘం నివేదించింది. అక్కడ మోగని సైరన్ చంపింది. గిడ్డంగిలో రోజంతా మోగే బజరు మరో రకంగా అదే పని చేయగలదు: అలవాటైన చెవికి అది మౌనమే.

ప్రమాదం జరిగిన తర్వాత ఈ పరికరమే సాక్ష్యంగా మారడం ఇంకా విచారకరం. 'బజరు మోగింది, అతనే తప్పుకోలేదు' అన్న వాక్యంతో గోడ, దూరం అడిగిన చట్టం స్ఫూర్తి తలకిందులవుతుంది. బాధ్యత యంత్రం నుంచి చెవికి, యాజమాన్యం నుంచి కూలీకి బదిలీ అవుతుంది.

8. ముగింపు

1. గంట, కేక, క్లీనరు చరుపు వంటి పాత హెచ్చరికలు బరువు దిక్కును, వేగాన్ని, కొన్నిసార్లు వినేవారి వరుసను కూడా తెలిపాయి. ఒకే స్వరపు బజరు వీటిలో చాలా వాటిని కోల్పోయింది.

2. రైలు మార్గం, 1948 చట్టం హెచ్చరికను చివరి రక్షణగానే చూశాయి. గిడ్డంగిలోనూ నడకదారిని గీతతో, కమ్మీతో వేరుచేయడం ముందు, బజరు తర్వాత.

3. బజరును ఆ చోటి రొదను కొలిచి, అక్కడ పనిచేసేవారి వినికిడిని గమనించి ఎంచుకోవాలి. రొద పరిమితి దగ్గర ఉన్నచోట ధ్వని పెంచడం కన్నా రొద తగ్గించడం, దీపం జోడించడం మేలు.

4. దీపాన్ని ఆ చోటి వెలుగును, దుమ్మును, పనిచేసేవారి చూపు ఉండే ఎత్తును బట్టి ఎంచుకోవాలి. దాన్ని తుడవడం రోజువారీ పనిలో భాగం కావాలి.

5. ఎంపికకు ముందు పరీక్ష అదే నేల మీద, మిల్లు నడుస్తుండగా, హమాలీలు, ఊడ్చే స్త్రీలు, వలస కూలీలు తమతమ చోట్ల ఉండగా జరగాలి. వారు తలతిప్పారా లేదా అన్నదే ఫలితం.

హమాలీ 'జరుగప్పా' అన్నప్పుడు ఎదుటివాడు జరిగేదాకా తన అడుగు ఆపుకునేవాడు. యంత్రానికి గొంతు ఇచ్చినవారు ఆ ఆగే గుణాన్ని కూడా ఇవ్వవలసి ఉంది.